అర్చా పొట్టు

"కేసు అయిపోయింది బత్మా అక్కా. టీ తాగి వెళ్లండి," అన్నాడు కదీర్.

నేనింకా కోటు మీది మంచు దులుపుకోనైనా లేదు. వైద్య పరిశోధన సంస్థ జంతుశాల గుమ్మంలో కుర్చీ వేసుకుని, నిగనిగలాడే బూట్లు ముందుకి చాపుకుని కూర్చున్నాడు మహానుభావుడు. పక్కన బెంచీ మీద కాపలాదారు సాతార్ ఉన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. చేతులకి బేడీలు. చలికో భయానికో వణికిపోతున్నాడు.

"ఎవరు వెయ్యమన్నారు ఈ బేడీలు?" అన్నాను.

"ప్రాసిక్యూటర్ ఆఫీసు."

"ప్రాసిక్యూటర్ ఆఫీసంటే నువ్వేగా!"

"నేనే," అని నవ్వాడు.

కదీర్ నా కింద నాలుగేళ్లు పనిచేశాడు. బిష్కెక్ పోలీసుల్లో నేను నేర్పిన పని పట్టుకునే పోయినేడు ప్రాసిక్యూటర్ ఆఫీసులోకి ఎగబాకాడు. అప్పట్నుంచీ నేను ఏ కేసు ముట్టుకున్నా నాకంటే ముందొచ్చి కూర్చుంటాడు. చూస్తే ఒళ్లు మండుతుంది.

"ఏం తేల్చావు నాయనా?"

"తేల్చడానికేముంది! రాత్రి తొమ్మిదింటికి ఈ వీధికి కరెంటు పోయింది. గదిలో గాలి ఫ్యాన్లు ఆగిపోయాయి. జెనరేటర్ వెయ్యాల్సింది ఈయన. వెయ్యలేదు. ఎందుకంటే అందులో చుక్క డీజిల్ లేదు. ఈయన అమ్ముకున్నాడు. కరెంటు వచ్చేసరికి ఎలుకలన్నీ ఊపిరాడక చచ్చాయి. పొద్దున ఆరింటికి తలుపు తీసి, ఏమీ ఎరగనట్టు కేకలు పెట్టాడు."

"అబద్ధం తల్లీ!" అన్నాడు సాతార్. "డీజిల్ లేక నెల దాటింది. కొనడానికి డబ్బుల్లేవన్నారు. కావాలంటే ఎవరినైనా అడగండి."

"అడుగుతాను పెద్దాయనా. నువ్వు కూర్చో."

చచ్చినవి మామూలు ఎలుకలైతే పొద్దున్నే నా ప్రాణం తీసేవారు కాదు. మా కొండల మీద బతికేవాళ్లకి ఒక జబ్బు వస్తుంది. పైన గాలి పల్చన. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కుడిపక్క వాచిపోతుంది. కొండజబ్బు అంటాం. ఈ సంస్థలో ప్రొఫెసర్ ఒరోజాలీ పదిహేనేళ్లుగా పెంచుతున్న ఎలుకల వంశానికి ఆ జబ్బు పుట్టుకతోనే ఉంటుంది. ఆయన కనిపెట్టిన మందు ఆ ఎలుకల్ని బాగుచేసింది. ఆ రుజువుతోనే ఇరవై మంది రోగుల మీద మందు ప్రయోగించడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఇవాళ మూడింటికి విదేశీ ఫౌండేషన్ వాళ్లు రావాలి. ఎలుకల్ని కళ్లారా చూసి, కొన్నిటిని తమ ప్రయోగశాలకి పట్టుకెళ్లి, ఆ తర్వాత ఐదేళ్ల నిధుల మీద సంతకం పెట్టాలి.

ఆ ఇరవై మందిలో మా తమ్ముడు తోకోన్ ఒకడు.

కోక్-బెల్ కనుమ మీద మంచు తోసే యంత్రం నడిపేవాడు వాడు. రెండేళ్ల కిందట పెదాలు నీలంగా మారి, స్టీరింగ్ మీదే ఒరిగిపోయాడు. మళ్లీ కనుమ ఎక్కితే గుండె ఆగిపోతుందన్నారు డాక్టర్లు. అప్పట్నుంచీ మా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని కొండల్ని చూడ్డం, నన్ను విసుక్కోవడం, అదే వాడి పని. ఈ పొద్దున నేను కార్లో ఉండగా ఫోన్ చేశాడు.

"అక్కా, బస్సెక్కేశాం. వారం రోజులు మందు మింగించారు కదా, ఇక పైన క్యాంపులో పరీక్షిస్తారట. మధ్యాహ్నానికి కనుమ మీద ఉంటాం. ఎలుకలు చచ్చాయట నిజమేనా?"

"నీకెవరు చెప్పారు?"

"బస్సు డ్రైవరు. అక్కా, ఫౌండేషన్ వాళ్లు వెనక్కి పోతే మందు ఆగిపోతుంది. నేను మళ్లీ ఆ కిటికీ దగ్గరికే. ఎవడు చంపాడో మూడింటిలోపు తేల్చు. వాడిని వాళ్ల ముందు నిలబెడితే తప్పు సంస్థది కాదని తెలుస్తుంది. నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకోవడానికి నా కాళ్లు బస్సులో లేవు. వాగకుండా ఊపిరి దాచుకో," అన్నాను.

నవ్వాడు. వాడి నవ్వు విని రెండేళ్లయింది. అందుకే ఆ పొద్దున ఎలుకల్ని చంపినవాడి మీద నాకున్నంత కోపం ఈ ఊళ్లో ఇంకెవరికీ ఉండి ఉండదు.

తలుపు తీసింది సయ్‌కల్. ఆ సంస్థ పశువైద్యురాలు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బూట్లకి ఈ తొడుగులు వేసుకోండి మేడమ్. మీరు కూడా," అంది కదీర్ వైపు చూసి.

"చచ్చిన ఎలుకలకి నా బూట్లు అంటుకుంటే ఏమవుతుందట?"

"మీ బూట్లకేం కాదు. వేసుకోండి."

నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

గదిలో మూడు వరసల అరలు. అరల్లో ప్లాస్టిక్ పెట్టెలు, పైన తీగ మూతలు, ఒక్కో పెట్టెకీ ఒక నీళ్ల సీసా. పెట్టెల్లో పరిచిన తెల్లటి చెక్కపొట్టు మీద ఎలుకలు ముడుచుకుని పడున్నాయి. కొన్ని ఒకదాని మీద ఒకటి తల ఆనించుకుని ఉన్నాయి. జేబులోంచి కురుత్ ఉండ తీసి బుగ్గన పెట్టుకున్నాను. ఆ ఉప్పటి పెరుగుండ నోట్లో లేకపోతే నా బుర్ర పనిచెయ్యదు.

"సయ్‌కల్, ఊపిరాడకపోతే ఎలుక ఏం చేస్తుంది?"

"పైకి ఎగబాకుతుంది. మూత కొరుకుతుంది. పొట్టంతా చిందరవందర చేస్తుంది."

"ఇక్కడ ఒక్క పెట్టెలోనైనా పొట్టు చెదిరిందా?"

ఆమె అరలన్నీ ఒకసారి కలియజూసింది. "లేదు. నిద్రపోతున్నట్టున్నాయి."

"అక్కా, నిద్రలోనే ఊపిరి ఆగిపోయి ఉంటుంది," అన్నాడు కదీర్.

"ఎలుకలు రాత్రి మేలుకునుంటాయి సార్," అంది సయ్‌కల్.

అప్పుడు వినిపించింది. గది చివర, గోడ మూల నుంచి గరగరమని గీరుతున్న చప్పుడు. సయ్‌కల్ తల దించుకుంది. నేను అటు నడిచి, మోకాళ్ల మీద కూర్చుని కింది అరలోకి చూశాను. ఒక ఎలుక నా వైపు రాబోయి, పక్కకి తూలి, గోడకి గుద్దుకుని, మళ్లీ లేచింది. అచ్చం పెళ్లి విందు నుంచి ఇంటికెళ్తున్న మా బాబాయిలా ఉంది. దాని పక్క పెట్టెలో ఇంకో మూడు.

"పన్నెండు బతికాయి. పొద్దున నేనే చూశాను," అంది సయ్‌కల్ మెల్లగా. "ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకని?"

"తెలీదు మేడమ్. చెబితే ఇవి కూడా పోతాయేమోనని భయమేసింది."

"చూశారా!" అన్నాడు కదీర్. "నేల దగ్గర కాస్త గాలి మిగిలింది. అందుకే కింది అరలో బతికాయి."

"ఇటు రా." చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కొచ్చాను. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. చలిగాలి చీలమండల్ని కొరుకుతోంది. ఆ సందుకి ఎదురుగా ఉన్న కింది అరలో ఒక్కటీ బతకలేదు. "గాలి ఇక్కడ. చావూ ఇక్కడే. అక్కడ గాలి ఆడని మూల బతికాయి. చెప్పు నాయనా, ఇదేం ఊపిరాడకపోవడం?"

కదీర్ నవ్వు సగం తగ్గింది. పూర్తిగా తగ్గే రకం కాదు వాడు.

నీళ్ల సీసాలు చూశాను. గొట్టం చివర ముట్టుకుంటే వేలికి జిగురు అంటుకుంది. వాసన చూశాను. తియ్యగా ఉంది.

"నీళ్లలో చక్కెర కలుపుతారా?"

"మామూలు నీళ్లే. చక్కెర ఎందుకు కలుపుతాం?"

"చేదు మందుని తాగించాలంటే కలుపుతారు. మా అమ్మ మాకు అలాగే తాగించేది." బతికిన పన్నెండింటి సీసాలూ తడిమి చూశాను. అవీ జిగురే, అవీ సగం ఖాళీయే. "ఎవడో నీళ్లలో ఏదో కలిపాడు. అన్నీ తాగాయి. ఇవి మాత్రం లేచి కూర్చున్నాయి. వీటికీ మిగతావాటికీ తేడా ఏమిటి?"

"ఏమీ లేదు మేడమ్. ఒకే తల్లుల పిల్లలు, ఒకే తిండి, ఒకే వయసు."

మళ్లీ ఆ మూలకెళ్లి వంగాను. అప్పుడు తగిలింది ముక్కుకి. అర్చా వాసన. మా కొండల మీది అర్చా చెట్టు కొమ్మ ఇంట్లో ఉండని వాళ్లు మాలో ఎవరున్నారు? పిల్ల పుట్టినా, కొత్త ఇంట్లో కాలు పెట్టినా, పెద్ద చుట్టాలొస్తున్నా అర్చా రగిల్చి పొగ పట్టిస్తారు. ఆ కింది అరలోని పెట్టెల్లో పొట్టు తెల్లగా లేదు. ఎర్రగా ఉంది.

లేచి తిన్నగా సాతార్ దగ్గరికి వెళ్లాను.

"పెద్దాయనా, ఆ మూల పెట్టెల్లో అర్చా పొట్టు ఎక్కడిది?"

"ఏ అర్చా తల్లీ?" ముసలాయన చూపు నేల మీదికి పోయింది.

"నాతో కాకమ్మ కబుర్లొద్దు. ఎర్రపొట్టు."

"అది... ఎప్పట్నుంచో ఉంది కదా, రంగు మారిందేమో..." నీళ్లు నమిలాడు.

కదీర్ ఎగిరి గంతేశాడు. "చూశారా, దొంగచూపులు! అర్చా చెట్టు కొట్టడమే నేరం. ఇంకో సెక్షన్ పడుతుంది మీకు!"

"నువ్వు నోరు ముయ్యి కాసేపు!" అని అరిచాను. "పెద్దాయనా, నీ అర్చా గొడవ అడవిశాఖ వాళ్లది, నాది కాదు. ఆ చెట్టు ఎవరు కొట్టారో నాకక్కర్లేదు. పొట్టు ఎప్పుడు వేశావో అది చెప్పు. చెప్పకపోతే ఈ ఎలుకలన్నిటి చావూ నీ నెత్తిన పడుతుంది."

సాతార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అల్లుడు పెట్టెలు చేస్తాడు తల్లీ. పెళ్లి పెట్టెలు. ఎక్కడో పడిపోయిన చెట్టే, కొట్టింది కాదు, ఒట్టు. పోయిన నెల బయటనుంచి వచ్చే తెల్లపొట్టు అయిపోయింది. కొత్త బస్తాలు రాలేదు. ఉన్నది పైనుంచి సర్దుకుంటూ వచ్చేసరికి ఆఖరి అరకి లేకపోయింది. వాటిని ఉత్తి ప్లాస్టిక్ మీద పడుకోబెట్టమంటారా ఈ చలిలో? అల్లుడి దగ్గర ఓ బస్తా తెచ్చి, డాక్టరమ్మ చూడకుండా పరిచాను. అర్చా మంచిదే కదా. పెద్దవాళ్లు వస్తున్నారు, పొగ వేస్తే నిప్పంటుకుందని గంట మోగుతుంది, కనీసం పొట్టయినా ఉంటే చెడు రాదనుకున్నాను."

నా వెనక ఏదో కింద పడింది. సయ్‌కల్ చేతిలోని సీసా.

"అర్చా పరిచావా!" అరిచింది. "తాతా, ఆ చెక్క ఎలుకల కింద వెయ్యకూడదని తల బాదుకుని చెప్పానా లేదా! ఆ నూనె వాసనకే వాటి కాలేయం రాటుదేలిపోతుంది. ఏ మందిచ్చినా గబగబా విరిచేస్తుంది. ఇక మత్తు ఎక్కదు, ఎక్కినా ఆపరేషన్ మధ్యలో లేచి కూర్చుంటాయి, నేను..."

ఆగిపోయింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మత్తు ఎక్కదు," అన్నాను.

"ఎక్కినా తొందరగా దిగిపోతుంది," అంది. గొంతు మారిపోయింది. "తూలుతున్నాయి మేడమ్. మత్తు దిగుతున్న ఎలుక అలాగే తూలుతుంది. ఎన్ని వందలసార్లు చూశానో. పొద్దున్నుంచీ కళ్లెదుట ఉన్నా నాకు తట్టలేదు."

"ఆ మత్తుమందు ఎక్కడుంటుంది?"

"ప్రొఫెసర్ గారి గదిలో, ఇనుప బీరువాలో. తాళంచెవి ఒక్కటే. ఆయన మెళ్లో ఉంటుంది."

కదీర్ పకపకా నవ్వాడు. "బాగుంది! పదిహేనేళ్లు బిడ్డల్లా పెంచిన ఎలుకల్ని, నిధులొచ్చే రోజున, ఆయనే చంపుకున్నాడా? కోర్టులో ఈ మాట అంటే జడ్జి కూడా నవ్విపోతాడు అక్కా. ఎందుకు చంపుతాడు? చెప్పండి, ఎందుకు?"

నోట్లోని కురుత్‌ని పటపటా కొరికాను.

సరిగ్గా అప్పుడే వచ్చాడు ప్రొఫెసర్ ఒరోజాలీ. తెల్లగడ్డం, చేతి అల్లిక ఉన్ని కోటు, నిటారైన మనిషి. ఆయన వస్తే బేడీలతో ఉన్న సాతార్ కూడా లేచి నిలబడ్డాడు. వెనక ఇద్దరు పనివాళ్లు గోనెసంచులతో ఉన్నారు.

"చచ్చినవాటిని కొలిమిలో వేసెయ్యండి. అతిథులు వచ్చేలోపు గది కడిగి ఉండాలి," అని వాళ్లకి చెప్పి నా వైపు తిరిగాడు. "మీరు తోకోన్ అక్కగారు కదూ? దిగులుపడకండమ్మా. ఫౌండేషన్ వాళ్లతో పొద్దున్నే మాట్లాడాను. వంశం మొత్తం పోయింది, ఒక్కటి కూడా మిగల్లేదని చెప్పాను. పాపం చాలా బాధపడ్డారు. ఎలుకలు లేకపోయినా పర్లేదు, మనుషుల మీద ఫలితాలు చూసి సంతకం పెడతామన్నారు. మీ తమ్ముడి మందు ఆగదు."

నా గుండె మీంచి బండ దిగినట్టయింది. అబద్ధమెందుకు, ఆ క్షణం ఆయన చెయ్యి ముద్దుపెట్టుకునేదాన్నే. వాడు ఇక కిటికీ దగ్గరికి రానక్కర్లేదు. ఇక్కడితో వదిలేసి వెళ్లిపోతే నన్నెవరూ ఏమీ అనరు.

కానీ ముప్పై ఏళ్ల అలవాటు. నోరు ఊరుకోలేదు.

"పొద్దున్నే అంటే ఎప్పుడు ప్రొఫెసర్ గారూ?"

"సాతార్ ఫోన్ చెయ్యగానే. ఆరున్నర కావచ్చు."

"అప్పటికి గదిలోకి వెళ్లి చూశారా?"

"లేదమ్మా. ఇప్పటికీ చూడలేదు. మనసొప్పలేదు."

"ఎలుకలు కదలట్లేదని చెప్పాను నేను," గొణిగాడు సాతార్. "అన్నీ పోయాయని అనలేదు. లెక్క చూసే ధైర్యం కూడా లేకపోయింది."

"మరి ఒక్కటి కూడా మిగల్లేదని మీకెలా తెలిసింది?" అన్నాను.

"ఫ్యాన్లు ఆగిపోతే ఇంకేం మిగులుతాయి!"

"పన్నెండు మిగిలాయి."

ఎన్నో మొహాలు చూశాను నేను. పోయిందనుకున్నది దొరికితే మనిషి మొహం ఎలా విచ్చుకుంటుందో తెలుసు. ఈయన మొహం పాలిపోయింది.

"ఎక్కడ?" అన్నాడు. వెంటనే సర్దుకున్నాడు. "వాటినీ చంపెయ్యాలి. గాలాడక మెదడు దెబ్బతిని ఉంటుంది. ఎందుకూ పనికిరావు. సయ్‌కల్, నువ్వు పక్కకి తప్పుకో. బాబూ, బతికినవాటి పెట్టెలు కూడా తియ్యండి."

నేను వెళ్లి ఆ అరకి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, జరగండి," అన్నాడు కదీర్. "జంతువులు సంస్థవి. ఏం చెయ్యాలో ఆయనిష్టం."

"నన్ను తొక్కుకుని వెళ్లమను."

"మీ మీద రిపోర్టు రాస్తాను!"

"రాయి! రాసేముందు ఆ మొహం చూడు. నాలుగేళ్లు నీకు నేర్పింది ఏమిట్రా? మా పిన్ని కొట్టం కాలిపోతే ఒక్క మేకపిల్ల మిగిలింది. దాన్ని మూడ్రోజులు ఒళ్లోంచి దించలేదు ఆవిడ. పదిహేనేళ్ల వంశంలో పన్నెండు బతికాయంటే ఈయన నేలమీద కూలబడి ఏడవాలి. ఏడుస్తున్నాడా?"

కదీర్ ప్రొఫెసర్ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పనివాళ్లతో, "సంచులు కింద పెట్టండి," అన్నాడు.

"సయ్‌కల్," అన్నాను, "చచ్చినవాటిలో ఒకదాన్ని కొయ్యి. గుండె చూపించు."

"ఆమెకా హక్కు లేదు!" ప్రొఫెసర్ గొంతు లేచింది. "ఈ ఎలుకల గుండెలు నేనే కోస్తాను. అది ఇక్కడి పద్ధతి!"

"అవును, ఎప్పుడూ ఆయనే కోస్తారు," అంది సయ్‌కల్ తనలో తాను అనుకుంటున్నట్టు. "తలుపు వేసుకుని. అది ఆయన చాదస్తం అనుకునేవాళ్లం."

ఆమె ఒక ఎలుకని బల్ల మీద పెట్టింది. కత్తెర ఆడిన చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. వేలి చివరంత గుండెని గుడ్డ మీద పెట్టి అడ్డంగా కోసింది. వంగి చూసింది. ఇంకో ఎలుకని తీసింది. ఆ తర్వాత ఇంకోదాన్ని.

"కుడిపక్క గోడ దళసరిగా, వాచిపోయి ఉండాలి," అంది. "ఇక్కడ ఉల్లిపొరలా ఉంది. మూడింటికీ అంతే. ఇవి జబ్బు ఎలుకలు కావు మేడమ్. ఇంతకాలం నేను మామూలు తెల్ల ఎలుకలకి సేవ చేశాను."

"ఫౌండేషన్ వాళ్లు పట్టుకెళ్లి కోస్తే ఇదే కనపడేది," అన్నాను. "అందుకే వాళ్లు వచ్చేముందే చావాలి. రాత్రి కరెంటు పోగానే సాకు దొరికింది, నీళ్లలో మత్తు కలిపాడు. కదీర్, నీ 'ఎందుకు'కి జవాబు ఇదిగో."

కదీర్ వెళ్లి సాతార్ బేడీలు విప్పాడు.

ప్రొఫెసర్ అదే బెంచీ మీద, ముసలాయన పక్కన కూలబడ్డాడు. "ఐదేళ్ల కిందటి చలికాలం," అన్నాడు. "నిధులు ఆగిపోయాయి. హీటర్లు లేవు, మంచి మేత లేదు. మా ఇంట్లో దుప్పట్లు తెచ్చి పెట్టెల మీద కప్పాను. అయినా ఒక్కొక్కటే పోయాయి. వంశం అంతరించిందని చెబితే ఈ సంస్థ మూసేసేవాళ్లు. నలభై కుటుంబాలు రోడ్డున పడేవి. బజార్లో తెల్ల ఎలుకలు కొన్నాను. నిధులొస్తే అసలు వంశాన్ని మళ్లీ తయారుచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానమ్మా."

జాలి పడాల్సిన మాటే. కానీ నా బుర్ర అప్పటికే కనుమ ఎక్కుతున్న బస్సులో ఉంది.

"మందు సంగతేమిటి?"

"మందు మంచిదే!"

"ఎవరికి ఇచ్చి చూశావు? జబ్బే లేని ఎలుకలకి ఏ మందు పోసినా బాగానే ఉంటాయి!" నాకు తెలీకుండానే నువ్వులోకి దిగిపోయాను. "నిజంగా జబ్బున్న ఎలుకకి ఎప్పుడైనా ఇచ్చావా?"

కోటు బొత్తాం పట్టుకుని తిప్పసాగాడు.

"ఇచ్చావా లేదా?"

"ఇచ్చాను. ఒక్కసారి. ఆ చలికాలమే. నీరసించిపోతున్నాయి, బతికించుకుందామని అన్నిటికీ ఇచ్చాను." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "మొదటి వారం బాగానే ఉన్నాయి. రెండో వారంలో పోవడం మొదలెట్టాయి. చలికే అనుకున్నాను."

"పక్కగదిలో మామూలు ఎలుకలు ఉండేవట కదా అప్పుడు," అంది సయ్‌కల్. "అదే చలి. వాటికేమైంది?"

ప్రొఫెసర్ చేతుల్లోంచి మొహం ఎత్తలేదు. "వాటికేం కాలేదు."

మొదటి వారం బాగానే ఉన్నాయి. మా వాడు మందు మింగడం మొదలుపెట్టి నిన్నటికి వారం.

ఫోన్ తీశాను. తోకోన్‌కి కలిపాను. ఒకసారి అందలేదు. రెండోసారి అందలేదు. అవతల కదీర్ రోడ్డు శాఖకి ఫోన్ చేసి గట్టిగా అరుస్తున్నాడు. నా వైపు తిరిగినప్పుడు వాడి మొహంలో ఆ పాత నవ్వు మచ్చుకైనా లేదు.

"కోక్-బెల్ మీద మంచుచరియ విరిగిపడింది అక్కా. బస్సు పైకి చేరాక. దారి మూసుకుపోయింది. ఈ వాతావరణంలో హెలికాప్టర్ లేవదట. నా జీపు చక్రాలకి మంచు గొలుసులున్నాయి. పదండి, చరియ దాకా అయినా వెళ్దాం."

"సయ్‌కల్, ఈయన్ని కదలనివ్వకు. ఫౌండేషన్ వాళ్లు వస్తే ఆ పన్నెండింటినీ చూపించి ఉన్నదున్నట్టు చెప్పు," అని పరిగెత్తాను. జీపులో కూర్చుంటుండగా మోగింది నా ఫోన్.

"అక్కా!" తోకోన్ గొంతు. వెనక గాలి హోరు. "దొరికాడా ఆ దొంగ?"

"దొరికాడు. తోకోన్, విను. ఆ మందు ఇక ఎవరూ మింగొద్దు. ఒక్క మాత్ర కూడా. కిందికి దిగిపోవాలి, వెంటనే."



"అంటే... మందు పనిచెయ్యదా?"

ఎలా చెప్పాలి? పోలీసు పనిలో ఎందరి ఇళ్ల తలుపులు తట్టి ఎన్ని చావు కబుర్లు చెప్పానో. సొంత తమ్ముడికి ఒక్క మాట చెప్పలేకపోయాను.

"అర్థమైందిలే," అన్నాడు వాడే. "ఇద్దరికి పెదాలు నీలంగా మారాయి. ఒకడు లేవట్లేదు. పైకి రావడం వల్లేమో అనుకున్నాం."

"నీకెలా ఉందిరా?"

"నేను... బానే... ఉన్నా." ఆ మూడు మాటలకి రెండుసార్లు ఆగాడు. "అక్కా, దారి మూసుకుపోయింది. రోడ్డువాళ్ల షెడ్డులో నా పాత మంచు తోసే బండి ఉంది. దాని డ్రైవరు కిందే చిక్కుకుపోయాడట. ఇక్కడ దాన్ని నడపడం నాకు తప్ప ఎవరికీ రాదు."

"వద్దు! నువ్వు కదలొద్దు. మేం వస్తున్నాం."

"మీరు చరియకి అవతల నిలబడి ఏం చేస్తారు? పంతొమ్మిది మంది అక్కా. నా వైపే చూస్తున్నారు."

కదీర్ జీపుని రోడ్డెక్కించాడు. గొలుసులు మంచులో దిగబడి గర్జిస్తున్నాయి. జీవితమంతా అందరికీ ఆర్డర్లేసిన దాన్ని. ఈ ఒక్కడికి వద్దని మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"నా మంచి రోజుల్లో అయితే రెండు గంటలు."

ఇప్పుడైతే ఎంతో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్ కట్ చెయ్యకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. తలుపు మూసుకుంది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, అంటుకుంది.

ఆ వెనకే ఇంకో దగ్గు మొదలైంది. అది ఇంజనుది కాదు.